ల్యాప్‌టాప్‌కి కుండ ఏది?

ఉత్తర చెన్నైలోని తిరువొత్తియూరు గుడిలో త్యాగరాజస్వామి వెలసి ఉన్నాడు. అదే పేరున్న వాగ్గేయకారుడు త్యాగయ్య (1767–1847) ఇక్కడి త్రిపురసుందరి అమ్మవారిపై తెలుగులో ఐదు కీర్తనలు రచించారు. వాటి రాగాలు సావేరి, శుద్ధసావేరి, ఆరభి, కల్యాణి, బేగడ. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యర్ పేరు కూడా ఈ ఊరితో ముడిపడినదే. కుప్పయ్యర్ కుమారుడు తిరువొత్తియూరు త్యాగయ్యర్ 1900లో ‘పల్లవి స్వర కల్పవల్లి’ని అచ్చువేయించారు.

ఆ కీర్తనలను వీణపై వినాలంటే ఈ రోజుల్లో చాలా ఇళ్లలో తెరిచేది ల్యాప్‌టాప్‌నే. వీణకు అన్యాయం జరిగేదీ అక్కడే.

మూడు శ్రుతిలో సారణి తీగ షడ్జం సుమారు 165 హెర్ట్జ్. మంద్రం తీగ 82, అనుమంద్రం తీగ 62 దగ్గర పలుకుతాయి. ల్యాప్‌టాప్ లోపలి చిన్న స్పీకర్లలో చాలావాటికి 200 కిందికి దిగేసరికి ఊపిరి చాలదు. అయినా స్వరం గుర్తుపడతాం, ఎందుకంటే అతిస్వరాలను బట్టి చెవి మూలస్వరాన్ని పూరించుకుంటుంది. నిండుదనాన్ని మాత్రం పూరించుకోలేదు. వీణకు పనస కర్రను తొలిచి చేసిన కుండ లేకపోతే ఎంత మీటినా తీగ గదంతా మోగదు. ల్యాప్‌టాప్‌కి లేనిది ఆ కుండే.

ఖర్చు లేని పనులతో మొదలుపెట్టాలి. చాలా ల్యాప్‌టాప్‌ల స్పీకర్లు అడుగున ఉంటాయి. పరుపు మీద పెడితే వాటి నోరు నొక్కినట్టే, గట్టి బల్ల మీద పెట్టాలి. సౌండ్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్‌మెంట్స్’ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి విని పోల్చుకోవాలి. అన్నిటికంటే ముందు మంచి రికార్డింగ్ కావాలి. 64 కేబీపీఎస్‌కి కుదించిన ఎంపీ3లో పోయిన వివరాలను ఏ పరికరమూ తిరిగి తేలేదు.

తర్వాత వైరున్న హెడ్‌ఫోన్స్. వాటిలో బుస వినిపిస్తే యూఎస్‌బీ డాక్ (DAC) కొనుక్కోవచ్చు. అది డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చే పనిని ల్యాప్‌టాప్ లోపలి విద్యుత్ గోల నుంచి బయటికి తెస్తుంది. గుర్రుమనే మోత చార్జర్ తీయగానే ఆగిపోతే దోషం అటువైపుదే. ఆన్‌లైన్ పాఠాలకు బ్లూటూత్ పనికిరాదు. శబ్దం ఆలస్యమై తాళం తప్పుతుంది.

గదిలో కూర్చుని వినేవారికి ఆంప్లిఫయర్ లోపలే ఉన్న జత స్పీకర్లు మేలు. చెక్కపెట్టె ఉన్నవైతే కుండ దొరికినట్టే. వినేవారూ రెండు స్పీకర్లూ సమాన దూరాల త్రిభుజంలో, చెవి ఎత్తున, గోడకు కాస్త ఎడంగా ఉండాలి. తిరువొత్తియూరువాసులు మెట్రో నీలి లైనులో గవర్నమెంట్ ఎస్టేట్ దగ్గర దిగితే, ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్ నడక దూరమే. కొనేముందు తెలిసిన వీణ రికార్డింగ్‌నే అక్కడ వినిపించమనాలి.

మీటు పడగానే వచ్చే టంగుమనే శబ్దాన్ని ఏ స్పీకరైనా వినిపిస్తుంది. చెవి పెట్టాల్సింది ఆ తర్వాత. వైణికుడు మెట్టు మీద తీగను పక్కకు లాగుతాడు. మళ్లీ మీటకుండానే స్వరం పైకి జారి, ఊగి, కిందికి వస్తుంది. నాదం సన్నబడుతున్న ఆ క్షణాల్లోనే గమకం పలుకుతుంది.