బొబ్బిలి మూడక్షరములా, ఎనిమిదా?

బొబ్బిలి అను మాటలో అక్షరములెన్ని అని ఆరవ తరగతి విద్యార్థి నడిగిన మూడని చెప్పును. సెల్‌ఫోను లెక్కలో అవి ఎనిమిది: బ, ఒత్వము, బ, పొల్లు, బ, గుడి, ల, గుడి. ఇందు తప్పులేదు, యూనికోడులో తెలుగు వ్రాయు పద్ధతియే అది. విమర్శింపవలసినది, ఈ ఎనిమిదింటికి ఎస్.ఎం.ఎస్. సందేశము కేటాయించు చోటును.

ఒక సందేశమునకు చోటు 1,120 బిట్లు మాత్రమే. 1985లో జర్మను ఇంజనీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ సాధారణ వాక్యములను టైపు చేసి లెక్కించి, 160 అక్షరములు చాలునని తేల్చెను. ఈ సందేశములు సంభాషణ నడచు దారిని గాక, ఫోనును పిలుచుటకు వాడు సంజ్ఞామార్గమున మిగిలిన ఖాళీలో పోవునట్లు ఏర్పాటు చేసిరి. ఆ మార్గమున పోవు పొట్లములు చిన్నవి గనుక హద్దు తప్పదు. అంతవరకు ఆక్షేపణ లేదు.

ఇంగ్లీషు అక్షరమునకు 7 బిట్లు. 160 అక్షరములకు 1,120 సరిపోవును. తెలుగునకు గుర్తు ఒక్కింటికి 16 బిట్లు. కనుక 70 గుర్తులే పట్టును. బొబ్బిలిలోని ఒక పాఠశాల “రేపు బొబ్బిలి పాఠశాలకు సెలవు” అని తలిదండ్రులకు తెలిపినదనుకొందము. ఖాళీలతో కలిపి 28 గుర్తులు, అనగా సందేశములో అయిదింట రెండు వంతులు! సెలవు ఎందుకో, బడి మరల ఎప్పుడో వ్రాయబోయిన 70 దాటును. అప్పుడు సందేశము ముక్కలగును. ముక్కలను వరుసగా అతుకుటకు ఒక్కొక్కదానికి 48 బిట్ల శీర్షిక కావలెను. మిగులునవి 67 గుర్తులు. ఖర్చు సామాన్యముగా ముక్కల లెక్కను పడును. ఇంగ్లీషు సందేశములో ఒక్క తెలుగక్షరము చేర్చినను మొత్తము 16 బిట్ల లెక్కకు మారును.

నిజముగా తెలుగునకు 16 బిట్లు అవసరమా? యూనికోడులో తెలుగునకు ఇచ్చిన స్థానములు 128. నూట ఇరువది ఎనిమిదింటిలో ఒకదానిని చూపుటకు 7 బిట్లు చాలును. తక్కిన 9 బిట్లు ప్రతి గుర్తునకు “ఇది తెలుగు, ఇది తెలుగు” అని వల్లించుటకే ఖర్చగుచున్నవి. బొబ్బిలికి 128 బిట్లు పట్టగా అందు 72 ఈ వల్లెవేతయే.

ప్రమాణకర్తలు ఇది ఎరుగనివారు కారు. తరువాతి కాలమున తెలుగు మొదలగు భారతీయ భాషలకు 7 బిట్ల పట్టికలు చేర్చిరి. “ఇది తెలుగు” అని 32 బిట్ల శీర్షికలో ఒక్కసారి చెప్పిన చాలును. 155 గుర్తులకు చోటు మిగులును. ఉపాయము చక్కనిదే. కాని చిక్కంతయు ఆలస్యములో నున్నది. పట్టికను ఎరుగని ఫోను ఆ బిట్లను తన మామూలు పట్టికతో చదివి అర్థములేని అక్షరములు చూపును. ఎదుటివాని ఫోను ఏది ఎరుగునో పంపువానికి తెలియదు. మొదటి రూపములోనే ఈ పట్టికలుండిన ఈ సందేహమునకు తావుండెడిది కాదు.

అందుచేత అనేకులు తెలుగును ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుచున్నారు. చోటు కలిసివచ్చును గాని, “కల” వచ్చినదో “కళ” వచ్చినదో చదువువాడే ఊహించుకొనవలెను.