ఇంటి వేధశాల, ఊరి వేధశాల

విశాఖపట్నంలోని గోడే వెంకట జగ్గారావు వేధశాల గురించి మనవాళ్ళు రాసినప్పుడల్లా గర్వంగా రాస్తారు. గర్వపడవలసిందే. కానీ అది ఎందుకు నిలవలేదన్న ప్రశ్నను అరుదుగా వేస్తారు.

జగ్గారావు జమీందారీ కుటుంబీకులు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల నెలకొల్పారు. 1856లో ఆయన మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా సాగడాన్ని పరిశీలించి, ఆ వివరాలను లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. ఇది కాలక్షేపం కాదు, నికార్సయిన శాస్త్రకృషి.

దీనికి ఒక్క ఏడాది ముందు, 1839లో, అమెరికాలో హార్వర్డ్ వేధశాల మొదలైంది. దాని తొలి అధిపతి విలియం క్రాంచ్ బాండ్ పేదరికంవల్ల చదువు మానేసి, తండ్రి గడియారాల దుకాణంలో పనిచేసినవాడు. తొలి రోజుల్లో ఆయనకు జీతం కూడా లేదు. 1843లో పెద్ద తోకచుక్క కనిపించగానే బోస్టన్ పౌరులు చందాలు వేసుకున్నారు. 1847లో 15 అంగుళాల టెలిస్కోపు వచ్చింది. 1850లో దానితోనే అభిజిత్ నక్షత్రాన్ని ఫొటో తీశారు.

బాండ్ 1859లో మరణించారు. వారసునిగా వచ్చిన కొడుకు జార్జి కూడా 1865లో పోయారు. అయినా వేధశాల ఆగలేదు. నరసింగరావు 1892లో మరణించగా, 1894లో విశాఖ వేధశాల ప్రభుత్వపరమైంది. పరిశోధన కేంద్రంగా అది మళ్ళీ ఎదగలేదు.

తేడా ప్రతిభలో లేదు. ఒకటి విశ్వవిద్యాలయానిది, రెండోది ఒక కుటుంబానిది. అయితే తప్పంతా జమీందార్లదేనా? 1840లో వేధశాలను అప్పగించడానికి మద్రాసు రాజధానిలో విశ్వవిద్యాలయమే లేదు. మద్రాసుకు అది 1857లో వచ్చింది. ఆంధ్రకు 1926 దాకా రాలేదు. పరాయి పాలనకు మన శాస్త్రసంస్థల అవసరం అంతంతమాత్రమే.

జంషెడ్‌పూర్‌లో ఉంటున్న మా తెలుగువాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. జంషెడ్‌జీ టాటా 1904లోనే కన్నుమూశారు. ఇక్కడ ఉక్కు తయారైంది 1912లో. మనిషి పోయినా పని ఆగకపోవడానికి కారణం, అప్పటికే అది ఒక సంస్థ చేతిలో ఉండటం.

కాబట్టి జగ్గారావును, నరసింగరావును పొగిడితే సరిపోదు. మన ఊరి బడిలో ఒక చిన్న టెలిస్కోపు ఉంటే, దాన్ని తెచ్చిన మాస్టారు బదిలీ అయ్యాక ఎవరు తుడుస్తారు, ఎవరు చూపిస్తారు? ఆ ఏర్పాటు ముందే చేయడమే వారికి అసలైన నివాళి.