సీటు రాకపోయినా మిగిలే చదువు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే అబిడ్స్‌లో ఆదివారం పాతపుస్తకాల వరసల ముందు తల్లిదండ్రుల సందడి పెరుగుతుంది. ఇక్కడికి దగ్గర్లోని ఒక జూనియర్ కాలేజీలో చాలాకాలంగా జువాలజీ చెబుతున్నాను. ఈ రోజుల్లో నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళది ఒకటే మాట: "మేడమ్, మా పాపను డాక్టర్ చేద్దామనుకుంటున్నం. ఏ కాలేజీల వెయ్యాలె?" గ్రూపు గురించి అడగరు. మెడిసిన్ అంటే బైపీసీ, అంతే. నేను మాత్రం వాళ్ళని కాసేపు గ్రూపు దగ్గరే ఆపుతాను.

పాపను పక్కన కూర్చోబెట్టుకుని "బైపీసీ ఎందుకు తల్లీ?" అంటే, "లెక్కలు రావు మేడమ్" అని చెప్పేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. మెడిసిన్ ప్రవేశపరీక్ష నీట్‌కి 720 మార్కులు. అందులో బయాలజీ వాటా 360. తక్కిన సగం ఫిజిక్స్, కెమిస్ట్రీలకి చెరి 180. బైపీసీలో లెక్కలు ఒక సబ్జెక్టుగా ఉండవు గానీ, వెక్టర్లు, త్రికోణమితి, లాగరిథమ్స్ అన్నీ ఫిజిక్స్‌లో ఎదురవుతాయి. బొద్దింక నాడీవ్యవస్థను తడుముకోకుండా గీసే పిల్లలు ఫిజిక్స్ మొదటి పాఠాల్లోనే బెదిరిపోవడం ఎన్నోసార్లు చూశాను. ర్యాంకు పోయేది చాలావరకు అక్కడే.

ఫిజిక్స్ అంటే పరీక్ష కోసం మోసే బరువు కాదని చెప్పడానికి పిల్లలకి రూపాబాయి ఫర్దూంజీ కథ చెబుతాను. కోఠిలోని ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్. ఆమె 1889లో అక్కడ చదువు ముగించారు. ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో క్లోరోఫామ్ పరిశోధనలు నడిపిన కాలం అది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యుల్లో ఆమె ఒకరు. అంత అనుభవం గడించాక కూడా ఎడిన్‌బరో వెళ్ళి ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుకున్నారు. మత్తు ఇచ్చే డాక్టరుకి ఆవిరి, పీడనం, మోతాదు తెలియాలి కదా!

మెడిసిన్‌కి వెళ్ళాలా అన్న ఎంపిక అమెరికాలో ఇంకాస్త పెద్ద వయసులో వస్తుంది. అక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ, తర్వాతే మెడికల్ స్కూల్. న్యూజెర్సీలో ఉన్న మా అక్క కూతురు హిస్టరీ మేజర్ తీసుకుంటానంటే ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు. కానీ కావలసిన బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు ల్యాబులతో సహా పూర్తిచేసి, అక్కడి మెడికల్ ప్రవేశపరీక్ష ఎమ్‌క్యాట్ రాస్తే, మేజర్ ఏదైనా దరఖాస్తు చేసుకోవచ్చు. మన పిల్లలకి ఆ నాలుగేళ్ళ వెసులుబాటు లేదు. పదహారేళ్ళకే తేల్చుకోవాలి. అందుకే ఇంటర్ రెండేళ్ళని నీట్‌కి వెయిటింగ్ రూములా చూడవద్దంటాను.

ఇక కాలేజీ. హోర్డింగుల మీది ర్యాంకుల్ని పక్కనపెట్టి నాలుగు సంగతులు చూడమంటాను. ఆ ఏడాదికి ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందా? బోర్డు నాంపల్లిలోనే ఉంది, జాబితా చూసుకోవడం కష్టం కాదు. ల్యాబ్ ఏడాది పొడవునా తెరిచి ఉంటుందా, పరీక్షకి నెల ముందే తాళం తీస్తారా? ఫిజిక్స్ లెక్చరర్ కొన్నేళ్ళుగా అక్కడే ఉన్నారా? అన్నిటికంటే ముఖ్యం, పిల్లకి కంటినిండా నిద్రపోయే వేళ ఉంటుందా? ఇంటికి దగ్గర్లో, అమ్మ చేతి అన్నం తిని వెళ్ళగలిగే కాలేజీ, పేరు మోగిన హాస్టల్ కంటే చాలామందికి మేలు చేసింది.

సీటు అందరికీ రాదు. ఆ మాట ఇంట్లో ముందే అనుకోవాలి. ఒకసారి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్ళీ నీట్ రాసి చూడటంలో తప్పులేదు. అదే పనిగా ఏళ్ళు గడిపేస్తుంటే మాత్రం నాకు దిగులేస్తుంది. నీట్‌కి గరిష్ఠ వయోపరిమితి లేదు. తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానం దోస్త్ ద్వారా డిగ్రీలో చేరి మైక్రోబయాలజీయో, బయోకెమిస్ట్రీయో చదువుతూ మళ్ళీ రాయవచ్చు. ఎంపీసీ చదివాక మనసు మెడిసిన్ వైపు తిరిగినవాళ్ళకీ దారి ఉంది. ఇంటర్ తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్ళూ నీట్ రాయవచ్చని 2023లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టం చేసింది.

నేను నమ్మేది ఇది: సీటు వచ్చినా రాకపోయినా పనికొచ్చే చదువునే ఎంచుకోవాలి. జీవకణం లోపల జరిగేది తెలుసుకుని సంబరపడిన పిల్ల డాక్టరైతే మంచి డాక్టరవుతుంది. కాకపోతే మంచి టీచరో, పరిశోధకురాలో, ఫార్మసిస్టో అవుతుంది. అడ్మిషన్ ఫీజు కట్టేముందు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ కాలేజీ ల్యాబ్ చూపించండి. మీ ప్రశ్నలయ్యాక, వాళ్ళనీ లెక్చరర్‌తో మాట్లాడనివ్వండి. చదవబోయేది వాళ్ళు.