గాలి పట్టిన పంపు

కోయంబత్తూరు పీళమేడులో తెలుగింటి కుర్రవాడు ఇంటర్వ్యూకి బయల్దేరితే మూడు భాషలు వెంట వస్తాయి. గడప లోపల తెలుగు, వీధిలో తమిళం, కుర్చీలో కూర్చున్నాక ఇంగ్లీషు. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన నాయకుల ఏలుబడి నాటి నుంచీ తెలుగు వినిపిస్తున్న మదురై ఇళ్లలోనూ ఇదే వరస. తమిళ పేపర్లు ఇంటర్వ్యూని ‘నేర్ముగ తేర్వు’ అంటాయి, మన పేపర్లు ‘మౌఖిక పరీక్ష’ అంటాయి. పేరేదైనా, పిల్లలు తయారయ్యేది మాత్రం ఆ మూడో భాషకే.

ఈ కాలమ్ రాసే మనిషీ అలాగే తయారయ్యాడు. డిప్లొమా అయ్యాక ఓ పంపుల కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకి వారం రోజులు అద్దం ముందు నిలబడి జవాబు బట్టీ పట్టాడు. తీరా వెళ్తే ఆ ప్రశ్నే రాలేదు. బల్ల అవతలి పెద్దాయన అడిగింది ఒకటే: ‘ప్రైమింగ్ ఎందుకు?’ పుస్తకంలోని నిర్వచనం మొదటి వాక్యం దాకా వచ్చింది, రెండోది రాలేదు.

బస్‌స్టాపులో నిలబడ్డాక గుర్తొచ్చింది.

బావిగట్టు మీద నుంచి తాత ఎన్నిసార్లు అరిచాడో: ‘గాలి పట్టిందిరా, బిందెతో నీళ్లు పొయ్యి!’ ప్రైమింగ్ అంటే ఆ నీళ్లు పోయడమే, జవాబూ అదే. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు సరిగ్గా మూసుకోకపోతే, పంపు ఆపాక పైపులో నీళ్లు బావిలోకి జారిపోతాయి. ఆ చోటంతా గాలి నిండుతుంది. గాలి నీటికంటే దాదాపు 800 రెట్లు తేలిక, అందుకే ఇంపెల్లర్ ఎంత గిరగిరా తిరిగినా లోపల చాలినంత వెలితి పుట్టదు. వెలితి పుడితేనే బయటి గాలి ఒత్తిడి బావి నీటిని పైకి తోస్తుంది. ఆ తోపుకీ హద్దుంది: లెక్కలో 10 మీటర్ల పైచిలుకు, పొలంలో 6, 7 మీటర్లు దాటితే కష్టమే. తాత పంపుని గట్టు మీద పెట్టకుండా బావి లోపలికి దింపించింది అందుకే. ఇవన్నీ కుర్రవాడికి తెలుసు. తెలుగులో తెలుసు.

ఇలా చేత్తో చేసి నేర్చుకున్న తెలివికి కోయంబత్తూరులోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1893లో కళంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు మధ్యలోనే వదిలేశాడు. ఓ ఇంగ్లీషు అధికారి మోటార్‌సైకిల్ చూసి మనసు పారేసుకున్నాడు. హోటల్లో సర్వరుగా చేసి డబ్బు కూడబెట్టి ఆ బండిని కొన్నాడు. కొన్నవాడు ఊరికే నడపలేదు, మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపాడు. 1937 నాటికి ఎలక్ట్రిక్ మోటారు చేయించాడు. తన చేత్తో విప్పి బిగించినవాణ్ణి ‘ఇదెలా పనిచేస్తుంది?’ అని ఏ భాషలో అడిగినా తడుముకోడు.

ఆ తెలివిని కాలేజీ చదువులోకి తెచ్చినవాళ్లూ ఉన్నారు. 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదోదాన్ని ధర్మానికి ఇచ్చారు. ఆ పి.ఎస్.జి. ధర్మసంస్థ 1951లో పెట్టిన ఇంజినీరింగ్ కాలేజీలో తరగతి చదువుకి వర్క్‌షాపు పని జోడించిన శాండ్‌విచ్ కోర్సులున్నాయి. చేతికి నూనె అంటకుండా డిగ్రీ చేతికి రాకూడదన్నదే అక్కడి లెక్క.

విషయం తెలుగులో తెలిసినప్పుడు ఇంటర్వ్యూ తెలుగులోనే ఇవ్వకూడదా అంటే, ఇచ్చినవాళ్లున్నారు. 2016 సివిల్స్‌లో 3వ ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా టీచరు రోణంకి గోపాలకృష్ణ మెయిన్స్ తెలుగులో రాశారు, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇచ్చారు. పీళమేడు పిల్లలకి ఆ దారి కష్టం. తెలుగు నోట్లో ఉంది, చాలామందికి అక్షరాలు రావు. మరి ఆ నోటి తెలుగుని ఏం చేసుకోవాలి?

తర్ఫీదుకి వాడుకోవాలి. ఈ కాలమిస్టు ఇప్పుడు ఇరుగుపొరుగు పిల్లలకి చెప్పే పద్ధతి ఇది. బయోడేటాలో రాసుకున్న ప్రాజెక్టుని ముందు ఇంట్లో అవ్వకి తెలుగులో చెప్పాలి. ‘అవ్వా, ఈ మోటారు వేడెక్కితే దానంతట అదే ఆగిపోతుంది’ అంటే ఆమె ఊరుకోదు. ‘వేడెక్కిందని దానికెట్లా తెలుస్తుందిరా?’ అంటుంది. నీళ్లు నమిలిన చోట గుర్తు పెట్టుకుని, మళ్లీ చదివి, మళ్లీ చెప్పాలి. ఆమె తల ఊపాక అదే మాట దోస్తుకి తమిళంలో, చివర్న ఇంగ్లీషులో. అప్పుడు ఇంగ్లీషు కాస్త తడబడినా విషయం తడబడదు.

వచ్చే వారం ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ఓ పూట అద్దాన్ని వదిలి వంటింట్లోకి వెళ్లి చూడండి. అన్నట్టు, ఆ పంపుల కంపెనీలో ఉద్యోగం రాలేదు. రెండో చోట వచ్చింది. అక్కడ అడిగింది బేరింగు ఎందుకు అరుస్తుందని. దాని మీదా తాత అరిచినవాడే.