‘షుగరు’, ‘చాదస్తం’: వాడుకమాటలకు అందని ఎంజైము

చెరకు పండే చోడవరం ప్రాంతంలోనూ తెలుగునాట అంతటా మధుమేహం ‘షుగరు’. ముసలితనపు మతిమరుపు ‘చాదస్తం’. మొదటి మాట నెపాన్ని తిండి మీద, రెండోది వయసు మీద మోపుతుంది. ఈ రెండు స్థితులకూ సంబంధం ఉండవచ్చన్న ఆలోచనకు ఆ మాటల్లో తావు లేదు.

ఇన్సులిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును 1949లో మిర్‌స్కీ, బ్రో-కాన్ వివరించారు. ఆల్జైమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకునే అమిలాయిడ్-బీటాను కూడా అదే విచ్ఛిన్నం చేయగలదని 1994లో కురోచ్కిన్, గోటో చూపారు. ఆ ఎంజైము లోపించిన ఎలుకల రక్తంలో ఇన్సులిన్, మెదడులో అమిలాయిడ్-బీటా పెరిగాయని 2003లో ఫారిస్ బృందం వెల్లడించింది. ఇన్సులిన్ అధికమైతే ఎంజైము దానితోనే సరిపోయి, అమిలాయిడ్ మిగిలిపోతుందన్నది ఒక ప్రతిపాదన.

దీన్ని తెలుగులో చెప్పేటప్పుడు విభక్తి కీలకం. ‘మధుమేహం వల్ల మతిభ్రంశం’ అన్న వాక్యం ఈ ఎంజైమునే కారణంగా నిశ్చయిస్తే అది తొందరపాటు. మధుమేహుల్లో డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపని 1999 నాటి రోటర్‌డామ్ అధ్యయనం తేల్చినా, అది చూపినది సహసంబంధమే. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం మరో మార్గం. ‘వల్ల’ నిరూపణ కోరుతుంది. ‘తోపాటు’ పరిశీలనతో సరిపెట్టుకుంటుంది.

అలాగని మౌనమూ తగదు. మధుమేహం ఉన్న పెద్దల మతిమరుపును ‘చాదస్తం’గా కొట్టిపారేస్తే వైద్యపరీక్ష ఆలస్యమవుతుంది. అతిశయోక్తి లేకుండా ఈ సంబంధాన్ని తెలిపే వాక్యాన్ని తెలుగు వైజ్ఞానిక వచనం నిర్మించుకోవాలి.