టిగ్రిన్యా వాచకములు – ద్విత్వ సమస్య

ఎరిట్రియాలోను, ఇథియోపియా ఉత్తరభాగమగు తిగ్రాయిలోను వ్యవహరింపబడు టిగ్రిన్యా సెమిటిక్ భాష. దాని గీజ్ లిపిలో, మన గుణింతమువలె, ప్రతి హల్లునకును ఏడు రూపములు కలవు. కాని ద్విత్వమునకు గుర్తు లేదు. 'సెబెరె' యనగా విరిచెను, 'యిసెబ్బిర్' యనగా విరుచును. ఈ రెండవదానిలోని బకారద్విత్వము వ్రాతలో కనబడదు. కావున లిపితోనే పాఠమారంభించి, ఉచ్చారణమును వేఱుగ చూపని వాచకము విద్యార్థిని మోసగించునని మా తలంపు.

ప్రేటోరియుస్ జర్మనులోను, కొంటి రొస్సీని ఇటాలియనులోను, లెస్లా 1941లో ఫ్రెంచిలోను వ్యాకరణములు రచించిరి. జాన్ మేసన్ ఆంగ్ల వ్యాకరణము 1996 నాటిది.

చరిత్రను పీఠికలో రెండు పంక్తులతో ముగించుటయు మాకు రుచింపదు. 1952 సమాఖ్యలో ఎరిట్రియాకు టిగ్రిన్యా, అరబ్బీ అధికారభాషలు. 1962లో ఆ సమాఖ్య రద్దగునాటికి వాని స్థానమును అమ్హారిక్ ఆక్రమించెను. 1993లో స్వతంత్రమైన ఆ దేశమున బడిపుస్తకమేల అంత ప్రియమో ఇది తెలియనివారికి బోధపడదు.