ఇంటి దగ్గర చదువు: ఎవరి ఇంటి దగ్గర?

వికలాంగ పిల్లల చదువుకు చట్టాలు లేవంటే మేం ఒప్పుకోం. 1995లోనే ఒకటి వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం, 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాయి. ఇవి ఎవరి ఇంటిని కళ్లముందు పెట్టుకుని రాశారన్నదే మా పేచీ.

2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించారు. బహుళ వైకల్యం గానీ, 80 శాతం, ఆపైన తీవ్ర వైకల్యం గానీ ఉన్న బిడ్డ ఇంటి దగ్గర చదువును ఎంచుకోవచ్చన్నారు. వినడానికి మేలే. అనంతపురం పీఠభూమికి వచ్చి చూడండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ కురిస్తే. శెనక్కాయ ఎండిన ఏడు మాదిగవాడలో ఇళ్లకు తాళాలు పడతాయి, జనం బెంగళూరు కూలికి పోతారు. పంట ఉన్న ఏడు తల్లి కలుపుకు పోతుంది. "పగలు ఇంట్లో ఎవరుండారు సార్?" అని ఆమె అడిగితే చట్టం ఏం చెబుతుంది? మండల కేంద్రంలో భవిత సెంటరు ఉందంటారు. బిడ్డను మోసుకుని అక్కడికి పోతే ఆ రోజు కూలి పోయినట్టే.

పైగా ఆ ఎంపిక బిడ్డది, బడిది కాదు. 'ఎంచుకోవచ్చు' అన్నదాన్ని హెడ్మాస్టరు 'పంపించెయ్యొచ్చు' అని చదవడానికి వీల్లేదు. 40 శాతం వైకల్యమున్నా చాలు, 6 నుంచి 18 ఏళ్లదాకా దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచితంగా చదివే హక్కు 2016 చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. తాతలను బడి గడప బయట కూర్చోబెట్టిన సంగతి మరవని వాళ్లం, ఈ బయటను గుర్తుపట్టలేమా?

టీచర్ల సంగతీ అంతే. ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపైన 15 మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో మళ్లీ చెప్పాల్సొచ్చింది.

కులం, వైకల్యం కలిస్తే కోర్టుకే తికమక. 2021లో పఠాన్ జమాల్ వలీ కేసులో, అంధురాలైన ఆంధ్రప్రదేశ్ దళిత స్త్రీపై అత్యాచారానికి పడిన యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు నిలబెట్టింది. కులం, లింగం, వైకల్యం ఎలా పెనవేసుకుంటాయో పేజీల కొద్దీ వివరించింది. తీరా కులం కారణంగానే జరిగిందనడానికి సాక్ష్యం లేదంటూ అట్రాసిటీ చట్టం కింద శిక్షను కొట్టేసింది. విడదీసి చూడొద్దన్న తీర్పే చివరికి విడదీసింది.

అయినా ఉన్నదాన్ని వాడుకోవాల్సిందే. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా అర్జీ ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలుంది. వికలాంగుల కమిషనర్ సిఫార్సు మాత్రమే చేస్తాడు, కాబట్టి ఆయన దగ్గరే ఆగిపోవద్దు. నోటిమాటతో తిరిగి రావద్దు, రసీదు తీసుకోవాలి. అర్జీలో వైకల్యం శాతం పక్కనే కులమూ వలసా కూడా రాయమంటున్నాం, ఆ గడి లేకపోయినా.